వదిన పలకరించిన బండి

మా మట్టిరోడ్డు మీద ఎదురొచ్చిన బండికి వేళ్ళు లేపలేదంటే కారణాలు రెండే. మీరు పరాయి ఊరివాళ్ళైనా అయి ఉండాలి, లేదా ఆ ఎదుటి మనిషికీ మీకూ మాటలైనా లేకుండా ఉండాలి. మా వదిన ఆర్లిస్ ఐదేళ్ళుగా నాకు వేళ్ళు లేపలేదు. ఆమె పుట్టిందీ, పెరిగిందీ, మా అన్నను చేసుకుందీ అంతా ఈ రోడ్డు మీదే.

చెయ్యంతా ఊపేది పిల్లలూ, ఓట్లకొచ్చేవాళ్ళూను. మేమలా ఊపం. అరచెయ్యి స్టీరింగు మీదే ఉంటుంది, వేళ్ళు మాత్రం లేస్తాయి. ముఖం తెలిసిన మనిషైతే రెండు, చుట్టమో స్నేహితుడో అయితే నాలుగు. ఈ మధ్య ఇంట్లో ఎవరైనా పోయినవాళ్ళయితే తల కూడా కాస్త వంచుతాం. ఇది ఎవరూ ఎవరికీ కూర్చోబెట్టి నేర్పింది కాదు.

నా పేరు డోరీన్. బడి వంటింట్లో పని చేస్తాను. పిల్లల భోజనాలయ్యాక గిన్నెలన్నీ తోమించి రెండున్నరకు బయటపడతాను. వదిన మూడింటికి ఊళ్ళో లైబ్రరీ తెరవాలి. ఆవిడ ఊళ్ళోకి, నేను ఇంటికి. రోజూ వంతెన దాటాక, పొద్దుతిరుగుడు చేల దగ్గర ఎదురెదురవుతాం. ప్రతిసారీ నేను నాలుగు వేళ్ళూ లేపుతాను. ప్రతిసారీ ఆమె నా వెనకాల ఆకాశంలో ఏదో ఉన్నట్టు సూటిగా చూస్తూ వెళ్ళిపోతుంది. నేనూ మానేయొచ్చు కదా, మానలేదు. దీనికి సిగ్గు తక్కువ, పంతం ఎక్కువ అంటారు మావాళ్ళు. ఆ మాట నిజమే గానీ, అసలు సంగతి అది కాదు. నాకు మా వదిన కావాలి.

ఆర్లిస్ నాకు వదిన కాకముందే స్నేహితురాలు. బళ్ళో ఇద్దరిదీ ఒకటే బల్ల. మా అన్న డెల్మర్ నోరు తెరిచి ఒక్క మాట అడగలేక నలిగిపోతుంటే, మధ్యలో నేనే కబుర్లు మోసి వాళ్ళ పెళ్ళి చేయించాను. తర్వాత నా మొగుడు నన్నొదిలేసి అరిజోనా వెళ్ళిపోయినప్పుడు, ఆమె ఒక చిన్న పెట్టె పట్టుకుని మా ఇంటికొచ్చేసింది. పదకొండు రోజులుంది. వాణ్ణి తిట్టలేదు, నన్ను ఓదార్చలేదు. పొద్దున్నే లేచి రొట్టె కాల్చేది, నా ఎదురుగా కూర్చుని నేను తినేదాకా కదిలేది కాదు. పన్నెండో రోజు, "ఇవాళ నువ్వే కాల్చుకో" అని పెట్టె సర్దుకుని వెళ్ళింది. అలాంటి మనిషిని నేను నోటి దురుసుతో పోగొట్టుకున్నాను.

అన్నయ్య పోయినప్పటి సంగతి చెబుతాను. ట్రాక్టరు దగ్గర గుండె పట్టుకుని కూలబడ్డాడు. అరవై మూడేళ్ళు. మూడో రోజున చర్చిలో ప్రార్థన, ఖననం అయ్యాక, అందరం చర్చి కింద గదిలో భోజనాలకు చేరాం. మా దగ్గర పద్ధతేమిటంటే, పోయినవాళ్ళ ఇంటివాళ్ళు కుర్చీల్లోంచి లేవకూడదు. ఊళ్ళో ఆడవాళ్ళంతా వండి తెచ్చి వడ్డిస్తారు. ఆ ఒక్క రోజు మీరు కూర్చుంటే చాలు. మా వదిన కూర్చోలేదు. ఏప్రన్ కట్టుకుంది, పెద్ద కాఫీ కూజా పట్టుకుంది, బల్ల బల్లకీ తిరిగి పోయడం మొదలుపెట్టింది. ఎలా ఉన్నావమ్మా అని ఎవరడిగినా "పర్లేదు" అంది. పాలు కావాలా, ఇంకో ముక్క కేకు వేసుకుంటారా అని అందరినీ అడిగింది. కంట్లో తడి లేదు. ఎంత గట్టి మనిషో అని బల్లల దగ్గర గుసగుసలు. మెచ్చుకోలుగానే అంటున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా పక్కన కుర్చీ ఖాళీగా ఉంది, అది ఆమె కూర్చోవాల్సింది. నేనొక్కదాన్నే ముక్కు చీదుకుంటూ అంతమంది మధ్య వెర్రిదానిలా ఉన్నాను. ఆమె నా దగ్గరకొచ్చి, అందరినీ అడిగినట్టే నన్నూ, కాఫీ పొయ్యనా అని అడిగింది. అప్పుడన్నాను.

"మొన్న కుక్క పోతే ఏడ్చావు కదే వదినా. మా అన్న దానిపాటి చెయ్యలేదా?"

మెల్లగా అనలేదు. నాకు మెల్లగా అనడం రాదు. గదిలో చెంచాల చప్పుడు ఆగిపోయింది. వదిన నా కప్పు నిండా పోసింది. ఒక్క చుక్క ఒలకలేదు. పక్క బల్ల దగ్గరకెళ్ళింది. అదే ఆఖరు, మళ్ళీ నాతో మాట్లాడలేదు. మూడుసార్లు ఇంటికి వెళ్ళాను, తలుపు తియ్యలేదు. ఉత్తరం రాశాను, జవాబు లేదు. ఇక మిగిలింది ఆ రోడ్డే.

ఈ అక్టోబరులో నా కారుకి జింక అడ్డొచ్చింది. దానికేం కాలేదు, లేచి పొలంలోకి పారిపోయింది. నా కారు ముందు భాగం మాత్రం నుజ్జయింది. ఎల్డన్ గ్యారేజీకి లాక్కెళ్ళారు. ఎల్డన్ మా తరగతివాడే, ఊళ్ళో ఉన్నది వాడి గ్యారేజీ ఒక్కటే. సామాను రావడానికి రెండు వారాలు పడుతుందన్నాడు. అంతవరకూ నడుపుకోమని వెనకనున్న ట్రక్కు తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

అది మా అన్నయ్య ట్రక్కు. పైన మీగడ రంగు, కింద గోధుమ రంగు, ఎడమ తలుపు మీద చిన్న సొట్ట. అన్నయ్య పోయిన నెలకే వదిన దాన్ని ఎల్డన్‌కి అమ్మేసింది. అప్పుడు దానికీ కోపం తెచ్చుకున్నాను లెండి, కోపానికి నా దగ్గర కొదవేం లేదు. వేరే బండి ఇవ్వరా అంటే, "ఉంటే ఇవ్వనా తల్లీ, ఎక్కు" అన్నాడు. ఎక్కాను. సీటు ఎడమ పక్క అన్నయ్య బరువుకి అణిగిపోయి అలాగే ఉంది. నేను ఆ గుంటలో కూర్చుని, కాసేపు తాళం తిప్పలేకపోయాను.

ఆ రోజు వంతెన దాటాను. పొద్దుతిరుగుడు పూలన్నీ ఎండి నల్లగా తలలు వంచుకున్నాయి. ఎదురుగా వదిన తెల్ల కారు. అలవాటు కొద్దీ నాలుగు వేళ్ళూ లేపాను. ఆమె చెయ్యి లేచింది. వేళ్ళు కాదు, స్టీరింగు వదిలేసి చెయ్యంతా. ముఖం కూడా విచ్చుకుంది, బళ్ళో ఉన్నప్పుడు ఉండేదే, ఆ ముఖం. ఒక్క క్షణం. దాటి వెళ్ళిపోయింది.

నేను బండి పక్కకు తీసి ఆపాను. నన్ను క్షమించేసింది అనుకున్నాను. తర్వాత బుద్ధి పని చేసింది. ఎండ అద్దం మీద పడి నా ముఖం కనపడి ఉండదు, ఎల్డన్ అనుకుని ఉంటుంది. అయితే మాత్రం ఏం? ఐదేళ్ళ తర్వాత ఆ ముఖం నా వైపు తిరిగింది. ఆ సాయంత్రం వంట చేసుకుంటూ పాడుకున్నానంటే నమ్మండి.

మర్నాడు మబ్బు పట్టింది, ఎండ లేదు. మళ్ళీ చెయ్యి లేచింది. మూడో రోజూ అంతే. నేను ఆశపోతుదాన్నయిపోయాను. బళ్ళో గిన్నెలు పూర్తి కాకుండానే గడియారం చూడటం, జుట్టు దువ్వుకుని నా ఎర్ర టోపీ పెట్టుకోవడం, ఉతికిన చొక్కా తొడుక్కోవడం. అరవై నాలుగేళ్ళ వయసులో, ప్రేమలో పడ్డ పిల్లలా తయారయ్యాను. ఆమె చూస్తున్నది ఎవరినైనా సరే, ఆ చూపు ముందు ఉన్నది నేనే కదా అనుకునేదాన్ని. ఎవరికో వచ్చిన ఉత్తరం విప్పి చదువుకుంటున్నట్టు లోపల కాస్త గుచ్చుకునేది. అయినా మానలేదు.

రెండో వారం గురువారం ఎల్డన్ ఫోను చేసి, సామాను వచ్చింది, శనివారానికి కారు ఇచ్చేస్తానన్నాడు. తొందరేం లేదు, నెమ్మదిగా చెయ్యి అన్నాను. రంగు కూడా వేసి ఇవ్వమన్నాను. ఎల్డన్ తెల్లబోయాడు. నేను తొందర లేదన్న మాట పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ వినలేదట. శుక్రవారం మధ్యాహ్నం, బడి నుంచి వస్తూ గ్యారేజీ దగ్గర ఆగితే, నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నా ఎదురుగా నిలబడి సంగతేమిటో చెప్పమన్నాడు. చెప్పాను. నువ్వనుకుని మా వదిన చెయ్యి ఊపుతోందిరా, ఇంకో రెండు వారాలు నీలాగా ఉండనీ అన్నాను.

ఎల్డన్ నవ్వలేదు. గుడ్డ పక్కన పెట్టాడు.

"నేననుకుని కాదు డోరీన్. ఆర్లిస్ ఆ ట్రక్కుకి ఊపుతుంది. ఎవరు నడిపినా ఊపుతుంది."

తనకు తెలియడానికి ఏడాది పట్టిందన్నాడు. వాళ్ళావిడ ఒకసారి ఆ బండిలో వెళితే ఆవిడకీ ఊపిందట. వాళ్ళిద్దరికీ పదిహేనేళ్ళ కిందట సంతలో తీపి వంటల పోటీ దగ్గర చెడింది, చర్చిలో కూడా ఎడమొహం పెడమొహమే. అలాంటిది చెయ్యి ఊపితే వాళ్ళావిడ బెదిరిపోయి ఇంటికొచ్చిందట. అప్పటినుంచి ఎల్డన్ పనున్నా లేకపోయినా గురువారాల్లో మూడింటికి పావు తక్కువప్పుడు ఆ ట్రక్కు తీసుకుని మా రోడ్డు మీదకు ఒక చుట్టు వెళ్ళి వస్తున్నాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే విషయం కాదన్నాడు.

"అమ్మిన రోజున ఒక్కటే అడిగింది. రంగు మార్చొద్దంది. అంతే."

ట్రక్కులో కూర్చుని, చర్చి గదిలో నేనన్న మాట మళ్ళీ నా చెవులతో నేనే విన్నాను. కుక్క అన్నాను. అంతమందిలో అన్నాను. ఈవిడ ఐదేళ్ళుగా ఒక పాత బండి ఎదురొస్తుంటే చాలు, నవ్వుకుంటూ చెయ్యి ఊపుతోంది. ఆ నవ్వు నాది కానే కాదు. కనీసం పొరపాటున కూడా నాది కాదు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. చెప్పుకుంటే చిన్నతనం గానీ, చచ్చిపోయిన అన్న మీద కాస్త అసూయ కూడా కలిగింది.

టైము చూసుకుంటే మూడింటికి పావు తక్కువ. బయలుదేరాను. వంతెన దాటాక దూరంగా తెల్ల కారు, వెనకాల దుమ్ము. నేను రోడ్డు మధ్యలో బండి ఆపేశాను. మా దగ్గర ఎవరైనా రోడ్డు మధ్యలో ఆగితే పగవాడైనా ఆగి తీరాలి, ఏమైందో ఏమోనని. వదిన ఆగింది. రెండు కిటికీలూ ఎదురెదురుగా వచ్చాయి. ఆమె అద్దం దించింది. దగ్గరగా చూస్తే చాలా చిక్కిపోయింది.

బండికేమైందని అడిగింది. నన్ను కాదు, సొట్టపడ్డ తలుపును చూస్తూ అడిగింది. బండికేం కాలేదన్నాను. దారిలో ఏమేమో అనుకుంటూ వచ్చాను, అన్నీ మర్చిపోయాను.

"ఆ రోజు నేనన్న మాట అనకూడనిది వదినా. నా నోరు పడిపోను. తప్పయిపోయింది."

ఇంజన్లు రెండూ గుర్రుమంటున్నాయి. నేనని తెలియక ఊపుతున్నావనుకున్నాను అని కూడా చెప్పేశాను.

"తెలియకేం? మొదటి రోజే తెలుసు. ఆ ఎర్ర టోపీ మైలు దూరం నుంచి కనపడుతుంది," అంది వదిన.

"మరి ఎందుకు ఊపావు?"

"ఊపకుండా ఎట్లా?" అంది. స్టీరింగు మీద బొటనవేలితో గీసింది. "ఇరవై మూడేళ్ళు ఈ బండి ఎదురొస్తే ఊపాను. చెయ్యి నా మాట వినదు. నడిపేది ఎవరో చూసేలోపే లేచిపోతుంది. లేచాక దించేయడం బాగుండదు."

నేనేదో అనబోయాను. ఆమె తల అడ్డంగా ఊపింది, తనకే ఇంకా చెప్పేది ఉందన్నట్టు. ఇన్ని మాటలు ఒక్కసారి ఆమె నోట నేనెప్పుడూ వినలేదు.

"ఆ రోజు కుర్చీలో కూర్చుంటే ఇక లేవలేనేమో అనిపించింది. అందుకని కూజా పట్టుకున్నా. కూజా బరువుగా ఉంది. దాన్ని మొయ్యాలి కదా, అదొక్కటే చూసుకున్నా. నువ్వన్నది నిజమేనేమో అని ఐదేళ్ళు భయపడి చచ్చాను. నిజంగానే నాకేమీ లేదేమో అని."

కిటికీలోంచి చెయ్యి చాపాను. అందలేదు. ట్రక్కు ఎత్తు, కారు పల్లం. చాపిన చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది, ఆమె దాని వంక చూసింది గానీ తన చెయ్యి ఎత్తలేదు.

"నీ కారు బాగయ్యాక మళ్ళీ అందులోనే వస్తావు. నేను వేళ్ళు లేపుతానో లేదో నాకే తెలీదు," అంది. "అబద్ధం చెప్పలేను."

సరేనన్నాను. గేరు మార్చబోతుంటే ఆమె గొంతు సవరించుకుంది.

"నువ్వు నాలుగు వేళ్ళు లేపుతావు. ఎల్డన్ రెండు. వాళ్ళావిడ అసలు లేపదు," అంది. "మీ అన్న ఒక్కటే లేపేవాడు. చూపుడు వేలు. ఎవరికైనా అంతే, పెళ్ళాంతో సహా."

నాకు తెలియదా? చిన్నప్పుడు నాన్న ట్రాక్టరు మీద కూర్చుని అన్నయ్య మొదటిసారి నాకు వేలు లేపింది నాకు బాగా గుర్తే. పిసినారి వెధవ, మిగతా మూడు వేళ్ళూ ఎవరికి దాచుకున్నావురా అని ఏడిపించేదాన్ని. ఇన్నేళ్ళలో ఆ మాటే మనసులోకి రాలేదు.

"ఒక్కసారి వెనక్కెళ్ళి వస్తావా?" అంది వదిన. ఎందుకో నాకర్థమైంది.

నేను టోపీ తీసి సీటు కింద పడేశాను. వంతెన దాకా పోయి బండి తిప్పుకొచ్చాను. ఆమె ఉన్నచోటి నుంచే ఇంజను ఆపకుండా చూస్తోంది. దగ్గరకొస్తుంటే అన్నయ్య గుంటలో ఇంకాస్త కిందికి జారి కూర్చున్నాను, వాడు కూర్చునేట్టు. చూపుడు వేలు లేపాను. ఒక్కటే. వదిన చెయ్యి ఊపింది. నేను ఆగలేదు, వాడు ఆగడు కదా. దాటి వెళ్ళి అద్దంలో చూస్తే, కారు అక్కడే ఉంది. కాబట్టి మళ్ళీ తిప్పాను. మళ్ళీ వేలు లేపాను. మళ్ళీ ఊపింది. అలా ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. దుమ్ము రేగి చేల మీదంతా పరుచుకుంది. లైబ్రరీ తలుపు దగ్గర జనం నిలబడి ఉంటారు, నిలబడనీ అనుకున్నాను. ఒకసారి దాటుతూ చూస్తే వదిన ముఖమంతా తడిసిపోయి ఉంది. తుడుచుకోవడం లేదు. నేను చూపు తిప్పుకుని ముందుకు పోనిచ్చాను.

ఈసారి తిరిగొచ్చేసరికి ఆమె కారు దిగి రోడ్డు మీద నిలబడి ఉంది. ఆపాను.

"ఇక చాల్లే డోరీన్," అంది. "పెట్రోలు దండగ."

ఐదేళ్ళయింది ఆ నోట నా పేరు విని. అంతటితో ఇంటికి పోయి ఉండొచ్చు. నేనడిగింది దొరికినట్టే. కానీ అప్పటిదాకా వేలు లేపీ లేపీ, నాకు ఎవరూ లేపలేదన్న సంగతి నాకే గుర్తొచ్చింది. వాడు నాకూ పోయాడు. నేను కిందికి దిగి తాళాలు ఆమె చేతిలో పెట్టాను.

"ఒక్కసారి నువ్వు నడుపు వదినా. నాక్కూడా చూడాలనుంది."

ఆమె తాళాల వంక చూసింది. ఐదేళ్ళుగా ఆ బండి ఎక్కలేదు. తలుపు తీసి, కడ్డీ పట్టుకుని ఎక్కడానికి కాస్త కష్టపడింది. సీటులో గుంట తగలగానే ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత గేరు మార్చి వెళ్ళిపోయింది. నేను తెల్ల కారులో కూర్చుని, రోడ్డు వంక చూస్తూ ఎదురుచూశాను. వంతెన దగ్గర దుమ్ము లేచింది. మీగడ రంగు, కింద గోధుమ రంగు, నెమ్మదిగా పెద్దదవుతూ వచ్చింది. అద్దం మీద ఎండ పడి, లోపలున్నది ఎవరో కనపడలేదు. స్టీరింగు మీద నుంచి ఒకే ఒక్క వేలు లేచింది.

నేను చిన్నపిల్లలా రెండు చేతులూ ఊపాను.